నీలోఫర్ పుట్టిన ఊరిలో

ఇస్తాంబుల్, గురువారం రాత్రి

హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రికి పేరిచ్చిన యువరాణి పుట్టిన ఈ ఊరు నిన్నటిదాకా మాకు ఏ కోశానా పట్టుబడలేదు. వీధులన్నీ ఎత్తుపల్లాలే, ఫోనులో దగ్గరగా కనిపించే చోటుకు వెళ్ళాలంటే నిట్టనిలువుగా ఉన్న మెట్లెక్కి, మళ్ళీ అంతకంత దిగవలసి వస్తుంది. అయినా ఈ ఉదయం కరకోయ్‌లో ట్రామ్ ఎక్కేటప్పుడు మావారు దారి చూసుకోకుండానే సరైన వైపు నిలబడ్డారు. ఒకే ప్రయాణ కార్డును ఇద్దరికీ రెండుసార్లు తాకించవచ్చని కూడా తెలిసిపోయింది కనుక, ఊళ్ళోవాళ్ళలాగే లోపలికి నడిచాము.

కబతాష్‌లో దిగి ఒట్టోమన్ సుల్తానుల దోల్మాబాహ్చె రాజభవనానికి వెళ్ళాము. 1856లో పూర్తయిన ఈ భవనం బాస్ఫరస్ జలసంధి ఒడ్డునే ఉంది. కొన్ని ద్వారాలు తెరిస్తే ఎదురుగా నీళ్ళే. లోపలి కొలువుకూటంలో వేలాడే నాలుగున్నర టన్నుల షాండ్లియర్‌ను చూడగానే మా ఇద్దరికీ హైదరాబాదులో నిజాముల చౌమహల్లా భవనంలోని ఖిల్వత్ దర్బారు హాలు గుర్తుకు వచ్చింది. అక్కడ వరుసగా ఉన్న 19 షాండ్లియర్ల కింద నిలబడినప్పుడు కలిగే నిండుదనం, ఈ ఒక్కటే అయిన మహా దీపం కింద నాకు కలగలేదని చెప్పాలి.

నన్ను కదిలించినది ఆ వైభవం కాదు, ముస్లింల మతాధినేత పదవిలో ఉన్న చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ పుస్తకాల గది. చిత్రకారుడు కూడా అయిన ఆయన 1924 మార్చిలో ఖిలాఫత్ అనే ఆ పదవి రద్దు కాగానే, రాత్రికి రాత్రి ఈ భవనం నుంచి కుటుంబంతో సహా కారులో బయలుదేరి, ఊరి బయట ఉన్న చతల్జా స్టేషనులో రైలెక్కి దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది. అప్పటికి ఆయన కూతురు దుర్రుషెహవార్‌కు పదేళ్ళు. ఆ ఒట్టోమన్ వంశంలోనే పుట్టిన నీలోఫర్‌కు ఎనిమిది. ఆమె కూడా తల్లితో పాటు ఫ్రాన్సు చేరింది. 1931లో నీస్ నగరంలో ఇద్దరికీ మన ఏడవ నిజాం కుమారులతో పెళ్ళిళ్ళు జరిగాయి: పెద్దామెకు ఆజం జాతో, చిన్నామెకు మొఅజ్జం జాతో.

ఈ సంగతులు నేను ఇదివరకే చదివాను. కాని కిటికీలోంచి ఆ నీళ్ళను చూస్తూ ఆలోచిస్తే, పదిహేనేళ్ళ నీలోఫర్ ఓడ దిగి, భాష తెలియని హైదరాబాదులో కాపురం మొదలుపెట్టడమంటే ఏమిటో మొదటిసారి మనసుకు తాకింది. మేము తిరుగు టికెట్టు చేతిలో పెట్టుకుని కూడా వీధి మలుపులో బెదిరిపోతున్నాము. ఆమెకు తిరిగి వెళ్ళడానికి సొంత ఊరే లేకుండా పోయింది. అటువంటి మనిషి, తన దగ్గర పనిచేసే స్త్రీ ప్రసవంలో చనిపోయినప్పుడు తల్లడిల్లి, ఇక ఏ తల్లికీ ఆ గతి పట్టకూడదని పూనుకోవడం వల్లనే 1953లో నీలోఫర్ ఆసుపత్రి వచ్చింది. మా బాబు పుట్టిన వారంలోనే కామెర్లు ముదిరితే, వాణ్ణి అక్కడే నీలి దీపాల కింద పడుకోబెట్టారు. నేను వరండాలో కూర్చుని ఆ పేరు పలకమీద ఎన్నోసార్లు చదివాను. అది ఎవరి పేరో అడగాలని మాత్రం అప్పుడు తోచలేదు. పురానీ హవేలీలోని పిల్లల ఆసుపత్రికి దుర్రుషెహవార్ పేరు ఉంది. మన పిల్లల ప్రాణాలతో ఇంతగా ముడిపడిన ఈ ఇద్దరి గురించి మన బడి పుస్తకాలు మరికొంత చెప్పి ఉండవలసింది.

మధ్యాహ్నం బెషిక్తాష్ రేవులో ఫెర్రీ ఎక్కి ఆవలి ఒడ్డున ఉన్న ఉస్కుదార్‌కు వెళ్ళాము. సముద్రం కింద నడిచే రైలు నాలుగు నిమిషాల్లో చేరుస్తుందట గాని, పైన గాలిలో కూర్చుని, నువ్వులద్దిన సిమిత్ రొట్టె తుంచుకుని తింటూ వెళ్ళే పావుగంటను వదులుకోవాలనిపించలేదు. దుర్రుషెహవార్ పుట్టినది ఈ ఒడ్డునే, చామ్లిజా కొండ వైపు. రేవు పక్కన పాలు లేని టీ తాగాము. మావారు ఇరానీ చాయ్ లేదని బెంగపడకుండా రెండో గ్లాసు కూడా తెప్పించుకున్నారు.

రాత్రి మలక్‌పేటకు ఫోను చేస్తే అత్తయ్య ఇదంతా ఓపికగా విన్నారు. మనవడిని ఎత్తుకుని ఆ ఆసుపత్రి మెట్లెక్కినది ఆవిడే. "నీలోఫర్ పుట్టిన చోటు కూడా చూసి రండమ్మా, నా కోసం ఒక ఫోటో పంపండి" అన్నారు. అది గోజ్‌తెపెలో, ఆవలి ఒడ్డునే ఇంకా దక్షిణంగా ఉంది. పాత భవనం ఆనవాలు ఏమైనా దొరుకుతుందో లేదో గాని, ఆ వీధులైనా నడిచి చూడాలని ఇద్దరమూ అనుకున్నాము. అందుకని రేపటి గ్రాండ్ బజార్‌ను శనివారానికి మార్చాము. ఆదివారం అది మూసి ఉంటుంది.