షుగర్ వాళ్ల కంటి పరీక్ష: ఓపీ చీటీలో కనిపించని ఖర్చు

షుగర్ ఉన్నవాళ్లకు ఏడాదికోసారి రెటీనా, అంటే కంటి వెనక పొర, చూపించాలి. చూపు బాగానే ఉందని ఊరుకోకూడదు, మసక మొదలయ్యేసరికి లోపల చాలా నష్టం జరిగిపోయి ఉండొచ్చు. మా అమ్మను తీసుకెళ్లేది నేనే. పరీక్ష రుసుము మాకెప్పుడూ బరువు కాలేదు. బరువల్లా అమ్మ కూలి, నా సెలవు, ఆటో, బయటి తిండి, అన్నిటికీ మించి రెండోసారి తిరగడం.

తోడు తప్పనిది చుక్కల వల్ల. కంటిపాపను పెద్దది చేసే ఆ చుక్కలు పనిచేయడానికి అరగంట దాకా పడుతుంది, కొందరికి మళ్లీ వేయాల్సి వస్తుంది. ఆ తర్వాత నాలుగైదు గంటలు దగ్గరి అక్షరాలు అలుక్కుపోతాయి, ఎండ చూడలేరు. బండి నడపకూడదు. ఫోన్‌లో డబ్బులు పంపడం కూడా కష్టమే, అందుకే చిల్లర, నల్ల కళ్లద్దాలు ఇంటి నుంచే పట్టుకెళ్తాం. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలయ్యాక తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అమ్మకు జీరో టికెట్టే, ఆధార్ చూపిస్తే చాలు. తోడు వెళ్లే మగవాడికి మాత్రం రానూపోనూ ఛార్జీ తప్పదు.

రక్తపరీక్ష ఒకరోజు, కళ్లు ఒకరోజు అంటే రెండు రోజుల కూలి పోయినట్టే. రెండూ ఒకే పూట ముగించవచ్చు. ముందు రోజు రాత్రి తొమ్మిదిలోపు భోజనం, ఆపైన మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. పొద్దున టీ తాగితే పరగడుపు లెక్క పోతుంది, మళ్లీ రమ్మంటారు. డాక్టర్ వేరేగా చెప్పకపోతే షుగర్ మాత్ర వెంట తీసుకెళ్లి, రక్తం ఇచ్చాక టిఫిన్‌తో వేసుకోవాలి. ఖాళీ కడుపున వేసుకుని బస్సెక్కితే దారిలో షుగర్ పడిపోవచ్చు. తిన్నాక ఇచ్చే రెండో రక్తం శాంపిల్‌కు రెండు గంటల లెక్క మొదటి ముద్ద నుంచి, చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు. చుక్కలు వేయించాల్సింది ఆ రెండు గంటల్లోనే.

మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష ఒక్కటే రాస్తే పరగడుపు అక్కర్లేదు. అది తెలియక తొలి బస్సుకు నీరసంగా పరుగెత్తేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

రసీదులు పారేయకండి. పాత ఆదాయపు పన్ను విధానంలో ఉన్న ఉద్యోగులు ముందస్తు ఆరోగ్య పరీక్షలకు ఏడాదికి 5,000 రూపాయల వరకు మినహాయింపుగా చూపించుకోవచ్చు, నగదుగా కట్టినా చెల్లుతుంది. దారిఖర్చులు, పోయిన కూలి అందులోకి రావు.

కంట్లో శుక్లం ఉన్నవాళ్లకు రెటీనా ఫొటో మసగ్గా వస్తుంది. ఇంటికి చేరాక ఫోన్ చేసి మళ్లీ రమ్మనేది ఎక్కువగా అందుకే. గదిలోంచి బయటికి వచ్చే ముందే "ఫొటో స్పష్టంగా వచ్చిందా అమ్మా?" అని ఫొటో తీసినవాళ్లను అడగండి. చుక్కల ప్రభావం ఉండగానే ఇంకోసారి తీయమనొచ్చు, కుదరకపోతే అప్పుడే డాక్టర్‌తో నేరుగా చూపించుకోవచ్చు.