మలుపులో అదిరే బండి: గేర్‌బాక్స్ దించకముందు నేను చూసుకున్నవి

కార్తీకంలో శ్రీశైలం పోతుంటే మొదటిసారి గట్టిగా తెలిసింది. ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగే మలుపుల్లో స్టీరింగ్ బాగా తిప్పినప్పుడల్లా, కింద నుంచి ఎవరో గుంజి వదిలినట్టు బండి కడకడమని అదిరేది. ఆగి కదిలేటప్పుడు కూడా వణికేది. వెనకున్న అమ్మ ముందు సీటు పట్టుకుని కూర్చుంది. తిరిగి నల్లగొండ చేరేదాకా నాకు ఒకటే టెన్షన్.

మాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ బండి, ఆల్ వీల్ డ్రైవ్, మాన్యువల్ గేర్లు. మామూలుగా ముందు చక్రాలే లాగుతాయి. అవి జారితే వెనక డిఫరెన్షియల్ (వెనక రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్ల పెట్టె) ముందున్న కప్లింగ్‌లో క్లచ్ ప్లేట్లు బిగుసుకుని వెనక చక్రాలు కూడా అందుకుంటాయి.

మొదట చూపించిన చోట అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేశారు. తగ్గలేదు. ఇంకోచోట గేర్‌బాక్స్ దించాలన్నారు. ఏం పాడైందో చెప్పకుండా దించుతామంటే నాకు మనసొప్పలేదు. అసలు ఎప్పుడెప్పుడు అదురుతుందో ముందు నేనే రాసుకుందామనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే సాగర్ రోడ్డు మీదికి తీసుకెళ్లాను. 30 వేగంలో ఒకసారి రెండో గేరులో, ఒకసారి మూడో గేరులో లాగించి చూశాను. ఇంజిన్ చుట్లు మారినా అదురు తీరు మారలేదు. అంటే ఇంజిన్ మీద అనుమానం తగ్గింది. యాక్సిలేటర్ వదిలితే ఆగిపోతోంది, అంటే చక్రాల బ్యాలెన్స్ కూడా కాదు. అదైతే 80 దాటాక కనిపిస్తుంది, కాలు తీసినా పోదు. తర్వాత ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా నడిపాను. బండి చల్లగా ఉన్నప్పుడు కొద్దిగానే ఉంది. పదిహేను కిలోమీటర్లు తిరిగొచ్చి మళ్లీ తిప్పితే గట్టిగా వచ్చింది.

ఈ కాగితం పట్టుకుని దేవరకొండ రోడ్డులో జీపులు బాగుచేసే ఒక పెద్ద మెకానిక్ దగ్గరికి పోయాను. మొత్తం విని ఆయన అడిగింది ఒక్కటే: "టైర్లు ఎప్పుడు మార్చినవ్ బిడ్డా?"

నాలుగు నెలల కింద మార్చాను. వెనకవి రెండే.

మొదట ఆ కప్లింగ్ ఫ్యూజు తీసి నడపమన్నాడు. మీటర్ మీద హెచ్చరిక లైటు వెలిగింది కానీ, మలుపులో బండి మెత్తగా తిరిగింది. మా బండిలో అలా తీయొచ్చు. అన్ని బండ్లకూ కుదరదు కాబట్టి అడగకుండా తీయకండి. ఫ్యూజు మళ్లీ పెట్టేసి టైర్ల దగ్గరికొచ్చాం. వెనక టైర్ల గాడి లోతు దాదాపు 8 మిల్లీమీటర్లు, ముందువి 3. టైరు పక్కన రాసిన సైజు నాలుగింటికీ ఒకటే, అందుకే నాకు అనుమానం రాలేదు. గాలి సమానంగా పెట్టి, ఒక ముందు టైరుకు, ఒక వెనక టైరుకు సుద్దముక్కతో గీత పెట్టి, బండిని తిన్నగా తోశాం. ఐదు చుట్లకు ముందు టైరు వెనకదానికంటే సుమారు 13 సెంటీమీటర్లు తక్కువ నడిచింది. అంటే కిలోమీటరుకు ముందు చక్రాలు ఐదారు చుట్లు ఎక్కువ తిరగాలి. బండికి అది ముందు చక్రాలు జారుతున్నట్టే లెక్క. తారు రోడ్డు మీద కూడా ప్లేట్లు మాటిమాటికీ బిగుసుకుని, రాసుకుని వేడెక్కుతున్నాయి. మలుపులో ముందు చక్రాలు ఎలాగూ ఎక్కువ దూరం పోవాలి కాబట్టి అక్కడ తేడా ఇంకా పెరిగి, ప్లేట్లు పట్టీ వదిలీ బండి అదురుతోంది.

కప్లింగ్ ఆయిల్ దించితే నల్లగా, మాడు వాసనతో వచ్చింది. కప్లింగ్‌ను గేర్ ఆయిల్‌తో నింపకూడదు, కంపెనీ చెప్పిన రకమే పోయాలి. ముందు కూడా వెనకవాటిలాంటి కొత్త టైర్లే వేయించి, ఆయిల్ మార్పించాను. మైదానంలో ఎనిమిది అంకె వేసినట్టు కాసేపు తిప్పమన్నాడు, కొత్త ఆయిల్ ప్లేట్లకు పట్టాలని. మలుపుల అదురు పోయింది.

కానీ ఆగి కదిలేటప్పటి వణుకు సగం మిగిలింది. టైర్లతోనే అంతా అయిపోతుందనుకున్న నాకు ఆ రోజు నిజంగా దిగులేసింది. ఆయన బండిని పైకెత్తి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను, అంటే ముందు నుంచి వెనక చక్రాలకు శక్తి తీసుకెళ్లే పొడవాటి కడ్డీని, రాడ్డుతో పైకి నెట్టాడు. మధ్య బేరింగును పట్టుకునే రబ్బరు చిరిగి, షాఫ్ట్ ఊగుతోంది. ఆ బేరింగ్ హైదరాబాద్ నుంచి రావడానికి వారం పట్టింది.

బిగించి పదిహేను రోజులైంది. చిట్యాల దాకా రెండుసార్లు, మిర్యాలగూడకు ఒకసారి పోయొచ్చాను, ఎక్కడా అదరలేదు. ఘాట్‌కు మాత్రం ఇంకా తీసుకుపోలేదు.