మా అమ్మ మూట: ఉమ్రా నుంచి తిరిగొస్తూ జెడ్డా ఎయిర్‌పోర్టులో నా అనుభవం

ఇంటికి చేరి మూడు రోజులే అయింది. కోపం ఇంకా తగ్గలేదు. తగ్గకముందే రాసేస్తే ఇంకొకరి అమ్మకైనా ఈ బాధ తప్పుతుందని రాస్తున్నాను.

మాది కర్నూలు జిల్లా. అమ్మా నేనూ ఒక గ్రూపుతో ఉమ్రాకు, అంటే మక్కా యాత్రకు, వెళ్ళాం. నాయనకు పక్షవాతం వచ్చి మంచం మీద ఉన్నాడు కాబట్టి రాలేకపోయాడు. మక్కా, మదీనా అన్నీ అల్లా దయ వల్ల సాఫీగా జరిగాయి. చివరి రోజు తవాఫ్ (కాబా చుట్టూ ప్రదక్షిణ) చేసుకుని, మధ్యాహ్నం మూడింటికి మక్కా హోటల్ దగ్గర బస్సెక్కాం. విమానం రాత్రి పదకొండు దాటాక. అంత ముందెందుకని కొందరు గొణిగారు గానీ ముందు బయల్దేరడమే మంచిదైంది.

ఎందుకంటే డ్రైవరు మమ్మల్ని ముందు హజ్ టెర్మినల్ దగ్గర దించాడు. జెడ్డా కింగ్ అబ్దుల్ అజీజ్ ఎయిర్‌పోర్టులో టెర్మినళ్ళు పక్కపక్కనే ఉండవు. ఒకదాన్నించి ఇంకోదానికి నడిచి వెళ్ళలేం, మళ్ళీ బండి ఎక్కాల్సిందే. మా విమానం టెర్మినల్ 1 నుంచి. మీ టికెట్ మీద ఏ టెర్మినల్ ఉందో చూసుకుని, బస్సు కదిలేముందే డ్రైవరుకు చూపించండి. గ్రూపువాళ్ళు చెప్పి ఉంటారులే అనుకోవద్దు.

ఆ పొరపాటు వల్ల ఒక మంచి జరిగింది, హజ్ టెర్మినల్ కప్పును కళ్ళారా చూశాను. నేను సివిల్ పనుల సూపర్‌వైజర్ని. ఇరవై ఏళ్ళుగా స్లాబులు పోయిస్తున్నాను. అక్కడ స్లాబు లేదు. తెల్లటి గుడారాలు, మొత్తం 210, స్తంభాల నుంచి ఉక్కు తీగలతో వేలాడుతుంటాయి. కింద గోడల్లేకుండా గాలి ఆడుతుంటుంది. 1981లో వాడకంలోకి వచ్చిన ఆ కట్టడానికి ఇంజనీరు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహమాన్ ఖాన్. మరుసటి ఏడాదే ఆయన జెడ్డాలోనే చనిపోయాడు. హాజీలకు నీడ కట్టిన మనిషి, అల్లా ఆయనకు జన్నత్ ఇవ్వాలి. అమ్మకు చెబితే తలెత్తి చూసి దువా చేసింది.

టెర్మినల్ 1కి వచ్చాక వీల్‌చైర్ దొరికింది, ముందే టికెట్‌లో రాయించాను కాబట్టి. మక్కాలోని పవిత్ర జంజం బావి నీళ్ళ డబ్బా కొన్నాం. సీలు వేసి అట్టపెట్టెలో వచ్చే 5 లీటర్ల డబ్బా మాత్రమే తీసుకోండి. దానికి వేరే ట్యాగు వేసి పంపుతారు. హరంలో, అంటే మక్కా పెద్ద మసీదులో, మీరు పట్టుకున్న సీసాలు సూట్‌కేసులో బట్టల మధ్య దాచకండి, తీయించేస్తారు. ఇంతవరకూ ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బందంతా చెకిన్ కౌంటరు దగ్గర.

మాకు రెండు సూట్‌కేసులు, ఒక మూట. మూట అమ్మది. పాత దుప్పటిలో చుట్టి, నైలాను తాడుతో అడ్డంగా నిలువుగా బిగించి కట్టింది. ముందు రోజు రాత్రి హోటల్లోనే గ్రూపు నడిపించే ఆయన్ని నేను అడిగాను, ఇది వెళ్తుందా అని. "ఏం కాదు, ఎట్లా కట్టినా పోతుంది" అన్నాడు. నేను నమ్మాను.

కౌంటరులో కుర్రాడు మూటను చూడగానే తల అడ్డంగా ఊపాడు. తాళ్ళు కట్టినవి, గుడ్డలో చుట్టినవి, గుండ్రంగా ఉన్నవి తీసుకునేది లేదన్నాడు. సామానుకు ఒక వైపైనా చదునుగా ఉండాలంట. నెమ్మదిగా, హిందీలో, రెండుసార్లు చెప్పాడు. అతని మీద నాకు కోపం లేదు. బెల్టులో తాడు చిక్కుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు, గుండ్రటిది దొర్లుతుందనీ తెలుసు. ఆ నియమంలో న్యాయం ఉంది. ముందే తెలిసుంటే మక్కాలోనే ఇంకో పెట్టె కొనేవాణ్ణి కదా!

నేను ఏదో ఒకటి చేద్దామనుకునేలోపే గ్రూపాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. మా వెనక మా గ్రూపువాళ్ళే ముప్పై మంది ఉన్నారు. వాళ్ళందరి ముందూ అమ్మ మీద అరిచాడు.

"ఏందమ్మా ఇది? సంతకు పోయినావా, ఉమ్రాకు వచ్చినావా? పల్లెటూరోళ్ళను తీసుకొస్తే ఇంతే!"

అమ్మ ఒక్క మాటా అనలేదు. వీల్‌చైర్‌లోంచి దిగి నేల మీద కూర్చుని ముడులు విప్పడం మొదలుపెట్టింది. నైలాను ముడులు రావడం లేదు. గోళ్ళతో లాగింది, పళ్ళతో పట్టి లాగింది. నేను పక్కన కూర్చుని ఒకటి విప్పేలోపు ఆయన ఓపిక పట్టలేక మూటను ఒక కొసన పట్టి గుంజాడు. దుప్పటి జారి సామానంతా నేల మీద పడింది. జానమాజ్‌లు, తస్బీలు, ఖర్జూరం పొట్లాలు, నాయనకు కొన్న టోపీ. వాటి మీద రెండు తెల్లటి గుడ్డల మడతలు.

అవి కఫన్ గుడ్డలు. చనిపోయాక ఒంటికి చుట్టేవి.

నాకు తెలియదు. ఊళ్ళోనే కొని, కొలత ప్రకారం చింపించి, నాకు చెప్పకుండా తెచ్చుకుంది. మక్కాలో నేను నిద్రపోతున్నప్పుడు జంజంలో తడిపి, గదిలో కుర్చీల మీద ఆరబెట్టి, నేను లేచేసరికి మడిచి దాచేది. "మీ నాయనది, నాది నాయనా" అంది, తల ఎత్తకుండా. ఒక మడత విడిపోయి, కొస ఎవరిదో ట్రాలీ చక్రం దగ్గర పడింది. అరుస్తున్న మనిషి ఆగిపోయాడు. వెనక ఎవరూ మాట్లాడలేదు.

పక్క లైన్లోంచి ఒకావిడ వచ్చింది. ఏ దేశమో తెలియదు, మా భాష రాదు, ఆమెది మాకు రాదు. బిస్మిల్లా అంటూ ఆ గుడ్డను రెండు చేతులతో ఎత్తి, దుమ్ము దులిపి, అమ్మ ఒళ్ళో పెట్టి ఆమె నుదురు ముద్దు పెట్టుకుని వెళ్ళిపోయింది.

నా సూట్‌కేసు తెరిచి నా బట్టలన్నీ బయట పెట్టాను. చొక్కాలు, లుంగీలు, కొత్త దుప్పటి, అన్నీ. అమ్మ సామాను అందులో సర్దాను. కఫన్ మడతలు మాత్రం నా చేతిసంచిలో పెట్టుకున్నాను. నా బట్టలు అక్కడ ఊడ్చే బెంగాలీ అన్నకు ఇచ్చేశాను. గ్రూపాయన తర్వాత వచ్చి "టెన్షన్‌లో అన్నాను" అన్నాడు. ఆ మాట అమ్మకు చెప్పమన్నాను. చెప్పలేదు. ఆయన పేరు నేనిక్కడ రాయను, కానీ మా ఊరి నుంచి ఇంకొకరు ఆ గ్రూపుతో వెళ్తానంటే వద్దని గట్టిగా చెబుతాను. వృద్ధుల దగ్గర లక్షలు తీసుకుని, సామాను ఎలా కట్టుకోవాలో కూడా చెప్పనివాడు ఈ పని చేయకూడదు.

వెళ్ళేవాళ్ళకు నా మాట ఇదే. అడుగు చదునుగా ఉన్న ఖాళీ పెట్టె ఒకటి ఇక్కడి నుంచే తీసుకెళ్ళండి. తాడు వాడకండి. బరువు హోటల్లోనే చూసుకోండి. ముఖ్యంగా, మీ పెద్దవాళ్ళ మూటలో ఏముందో ముందు రోజు రాత్రే వాళ్ళ పక్కన కూర్చుని అడగండి.

ఇమిగ్రేషన్, సెక్యూరిటీ అరగంటలో అయిపోయాయి. శంషాబాద్‌లో దిగాక జంజం పెట్టెలన్నీ ఒకేలా ఉండి చాలామంది వెతుక్కున్నారు. నేను అట్ట మీద పేరు తెలుగులో మార్కర్‌తో పెద్దగా రాసుకోవడంతో దూరం నుంచే మాది కనిపించింది.

ఇంట్లో అమ్మ నాయన మంచం మీద కూర్చుని ఒక్కొక్కటీ చూపించింది. టోపీ పెట్టింది. ఖర్జూరం నోట్లో పెట్టింది. చివరికి మడతలు తీసింది. నాయన వాటి మీద కుడిచెయ్యి పెట్టి చాలాసేపు నిమిరాడు. తర్వాత అడిగాడు, "నాది ఏది?"

"మూడు ముక్కలున్నది" అంది అమ్మ. "ఐదున్నది నాది."