నా స్వభావానికి అమ్మ పెట్టిన టిక్కులు

ఆఫీసులో రెండు రోజుల శిక్షణ అన్నారు. మొదటి పూటే మనిషి స్వభావం ఏ రకమో చెప్పే మయర్స్-బ్రిగ్స్ పరీక్ష చేతికిచ్చారు. మొత్తం 93 ప్రశ్నలు, ప్రతిదానికీ రెండు జవాబుల్లో ఒకటే ఎంచుకోవాలి. నలుగురిలోకి వెళ్తే చొరవగా మాట కలుపుతారా, ఓ పక్కన ఉండిపోతారా అన్న ధోరణి. నాకు రెండూ నిజమే. మేనమామ కూతురి పెళ్లిలో వంటవాళ్లను కూడా పలకరించి వస్తాను. ఆఫీసు విందులో గోడ పక్క కుర్చీ వెతుక్కుంటాను. ఆఫీసులో కూర్చుని రాస్తున్నాను కాబట్టి గోడ పక్క కుర్చీకే ఓటు వేశాను.

సాయంత్రానికి నాలుగు అక్షరాలు వచ్చాయి: ఐఎస్‌టీజే. అంతర్ముఖురాలు, క్రమశిక్షణ గలది, తర్కం చూసి నిర్ణయించే మనిషి. వివరణ చదువుతుంటే ఎవరో నా డైరీ చూసి రాసినట్టే అనిపించింది. ఆ వారమంతా కులగోత్రాలు అడిగినట్టు ఒకరినొకరం అక్షరాలు అడుక్కున్నాం.

ఏడాదిన్నర తర్వాత మరో బృందంలోకి మారితే అక్కడా అదే పరీక్ష. ఈసారి ఐఎస్‌ఎఫ్‌జే. తర్కం పోయి మనసు వచ్చింది! మధ్యలో నాన్న గుండె ఆపరేషన్ కోసం నెల రోజులు ఆసుపత్రి చుట్టూ తిరిగాను. అదే నన్ను మార్చిందేమో అనుకున్నాను. అంకెలు చూస్తే అంత కథ లేదు. రెండుసార్లూ నేను మధ్యగీతకు ఆనుకునే ఉన్నాను. పదో తరగతిలో 35 వస్తే పాసు, 34 వస్తే ఫెయిలు అన్నట్టు, ఒకసారి ఇటు పడ్డాను, ఇంకోసారి అటు.

అప్పుడు చదవడం మొదలుపెట్టాను. 1921లో కార్ల్ యుంగ్ అనే మనస్తత్వవేత్త రాసిన సిద్ధాంతాన్ని పట్టుకుని, అమెరికాలో క్యాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్ ఈ నాలుగేసి అక్షరాల 16 రకాలను తయారు చేశారట. ఇద్దరికీ మనస్తత్వశాస్త్రంలో పట్టాలు లేవు. పట్టా లేకుండా ఇంత పని చేశారన్నది నాకు గౌరవం కలిగించే విషయమే. నా డైరీ గుట్టు మాత్రం వేరేచోట తెలిసింది. 1948లో బెర్ట్రామ్ ఫోరర్ అనే అధ్యాపకుడు తన 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఒక్కొక్కరికీ ‘ఇదీ నీ స్వభావం’ అని కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. తీరా చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, జ్యోతిషం పుస్తకం నుంచి ఏరిన వాక్యాలు!

తర్వాత నేను పట్టుకున్నది అయిదు లక్షణాల పరీక్ష. అందులో రకాలు లేవు, ఒక్కో లక్షణం ఎంత మోతాదులో ఉందో చెబుతుంది. 120 చిన్న వాక్యాలు, ఒక్కోదానికి అయిదు గడులు. మనిషిని ఎరిగినవాళ్ల చేత కూడా ఇలాంటివి నింపిస్తారని చదివి, ప్రశ్నలన్నీ తెలుగులో రాసుకుని ఊరికి తీసుకెళ్లాను.

‘త్వరగా కోపం వస్తుంది’ అన్నచోట నేను ‘కాదు’ అని పెట్టుకున్నాను. ఆఫీసులో నా నెమ్మదికి పేరుంది. చెల్లి చదవడం పూర్తి కాకుండానే ‘పూర్తిగా నిజం’ గడిలో టిక్కు పెట్టింది. “ఫోను పెట్టేశాక నీ మొహం నువ్వు చూసుకోవు కదా అక్కా” అంది. అమ్మ అయితే టిక్కుతో పాటు వ్యాఖ్యానం కూడా ఇచ్చింది. ‘ఇచ్చిన మాట నిలబెట్టుకుంటుంది’ అంటే, “తప్పదు. అసలు మాట ఇస్తే కదా” అంది. ‘గది చిందరవందరగా వదిలేస్తుంది’ దగ్గర మాట లేదు, వెళ్లి నా గది తలుపు తీసి చూపించింది.

మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాను. క్రమశిక్షణ విషయంలో అమ్మ, చెల్లి, నేను దాదాపు ఒకే మాట. కోపం, దిగులు దగ్గర మాత్రం వాళ్లిద్దరూ ఒకవైపు, నేనొక్కదాన్నీ మరోవైపు.

అమ్మకు సరదా పుట్టింది. “నా గురించి నువ్వూ ఒకటి నింపు, చూద్దాం” అంది. కొత్త కాగితం తీసుకున్నాను. మొదటి వాక్యం ‘ప్రతిదానికీ దిగులు పడుతుంది’. వెంటనే టిక్కు పెట్టేశాను. రెండోది ‘తేలిగ్గా స్నేహాలు చేస్తుంది’. పెన్ను అక్కడే ఆగింది. అమ్మ స్నేహితురాళ్లలో ఒక్కరి పేరైనా గుర్తు తెచ్చుకుందామని చాలాసేపు చూశాను.