మెడికల్ రెప్‌గా చేరనా?

"డాక్టర్ గారు నీకిచ్చేది రెండు నిమిషాలు. అందులోనే మందు పేరు మూడుసార్లు చెప్పాలి," అంటూ తన విజువల్ ఎయిడ్ (డాక్టర్లకు మందు గురించి చూపించే బొమ్మల పుస్తకం) తెరిచి చూపించాడు, మందుల కంపెనీ తరఫున డాక్టర్లను కలిసే రెప్‌గా పనిచేస్తున్న ఒక అన్న.

ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. "ముప్పు 50 శాతం తక్కువ" అని పెద్ద అక్షరాలు. కింద సన్నగా, వందలో ఇద్దరికి వచ్చే జబ్బు, ఆ మందు వాడినవాళ్లలో ఒకరికే వచ్చిందని. రెండూ నిజమే. నేనైతే ఏది ముందు చెప్తాను?

పని మాత్రం నచ్చింది. మనుషులతో మాట్లాడటం, మందు ఒంట్లో ఎలా పనిచేస్తుందో చదవడం, రోజంతా తిరగడం... నాకు సరిపోయేవే. టార్గెట్ల ఒత్తిడి కూడా తట్టుకోగలననే అనిపిస్తోంది.

డాక్టర్ అడక్కముందే సైడ్ ఎఫెక్ట్స్ చెప్పే రెప్‌ని మీ దగ్గర ఉంచుకుంటారా? ఇంటర్వ్యూలో నేను అడగబోయే మొదటి ప్రశ్న ఇదే.