డీ అంటే డెల్టా: నా సెక్యూరిటీ గార్డు ట్రైనింగ్

నిన్న సాయంత్రం సర్టిఫికెట్ చేతికొచ్చింది. ఎల్లుండి నుంచి ఒక లేడీస్ హాస్టల్ గేటు దగ్గర డ్యూటీ. మాది కామారెడ్డి దిక్కు పల్లె. పదహారేండ్లు బీడీలు చేసిన. హైదరాబాద్‌కు వచ్చినంక ఆ పని దొరకలేదు. కోపం చల్లారకముందే ఇది రాస్తున్న.

ముందు పోయిన ఏజెన్సీల యూనిఫాం డిపాజిట్ అని మూడు వేలు అడిగిండ్రు. 20 రోజుల హాజరు పట్టీ ముందర పెట్టి, అన్ని గళ్లల్ల ఒక్కసారే సంతకం చెయ్యమన్నరు. "ట్రైనింగ్ ఎప్పుడు సార్?" అంటే "సంతకం పెడితే అయిపోయినట్టే అమ్మా" అన్నడు అక్కడున్న సారు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల మీద 2005ల చట్టమే వచ్చింది. దాని కింది నియమాల ప్రకారం కొత్తగా చేరేటోళ్లకు 100 గంటలు క్లాసు, 60 గంటలు ఫీల్డు, తక్కువల తక్కువ 20 పనిదినాలు నేర్పాలె. మిలిటరీ, పోలీసు నుంచి వచ్చినోళ్లకే అది 40 గంటలు, 16 గంటలు. నేను సంతకం పెట్టకుండ లేచి వచ్చిన. ఇంకో చోటు దొరికేటాలకు నెల పట్టింది, ఇంట్ల మాటలు పడ్డ. అయినా మీరు పెట్టకండి. రేపు గేటు దగ్గర ఏమన్న అయితే, "నేర్చుకున్న అని నువ్వే రాసిచ్చినవ్ గద" అని ఆ కాగితమే చూపిస్తరు.

ఎత్తు, కండ్ల పరీక్ష, రంగులు గుర్తుపట్టుడు ఒక్క పూటల అయిపోయినయ్. కిలోమీటరు ఆరు నిమిషాలల్ల ఉరకాలె. చెప్పులిడిసి ఉరికిన, ఇంకా టైం మిగిలింది. పోలీసు వెరిఫికేషన్‌కు కానిస్టేబుల్ వచ్చి పక్కింటోళ్లను అడిగి పోయిండు.

మంటలార్పుడు క్లాసు నాకు బాగ నచ్చింది. కాగుతున్న నూనె అంటుకుంటే నీళ్లు పొయ్యొద్దు, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ మూతిని వట్టి చేత్తో పట్టుకోవద్దు, చల్లదనానికి చెయ్యి కాలినట్టయితది. ఇన్నేండ్లు వంట చేసిన, ఈ ముక్క ఎవ్వరూ చెప్పలేదు.

పదకొండో రోజు ఫీల్డు. ఒక ఫంక్షన్ హాల్ మైదానంల రెండు గేట్లు. లోపలికొచ్చే గేటు దగ్గర మా ట్రైనర్, రిటైరైన హవల్దారు. బయటికి పోయే గేటు దగ్గర నేను. చేతిల వాకీటాకీ, ముందర రిజిస్టరు. తోటి వాళ్ల బండ్లకు నంబర్ల కాగితాలు అతికిచ్చిండ్రు. సెట్‌ల సారు ఒక నంబరు చెప్పి "ఆ బండి ఆపు" అన్నడు. టీజీ, ఎనిమిది, తర్వాత ఒక అక్షరం. నాకు "బీ" అని ఇనబడ్డది. బీ ఉన్న స్కూటరును ఆపి డిక్కీ తీయించిన, ఏం లేదు. దాని ఎనుక వచ్చిన డీ బండికి నేనే గేటు తీసిన. దాని డిక్కీల "బాంబు" అని రాసిన చీటీ ఉన్నది.

సారు విజిల్ ఊది బ్యాచ్‌ల ఉన్న ముప్పై రెండు మందిని గుండ్రంగ నిలబెట్టిండు. నన్ను నడుమ నిలబెట్టిండు. "ఈమె చేతుల ఇయ్యాల మీరందరు సచ్చిపోయిండ్రు" అన్నడు. ఆడికి ఆపినా బాగుండు. మొదటి రోజు పరిచయంల నేను చెప్పిన మాట గుర్తు పెట్టుకొని, "బీడీలు చేసేదానికి ఈ డ్యూటీ ఎందుకు? పొయి చాట ఒళ్లె పెట్టుకొని కూసో" అన్నడు. ఎనుక ఇద్దరు నవ్విండ్రు. అట్ల ఎండల ఇరవై నిమిషాలు నిలబడ్డ. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు.

బీడీ పని చేసినోళ్లకు తెలుస్తది, రోజుకు వెయ్యి బీడీలంటే ఎంత నజర్ పెట్టాలెనో. తునికాకు కొంచెం అడ్డంగ కత్తిరించినా, తంబాకు ఒక చిటికెడు తక్కువైనా కార్ఖానల ఏరి పక్కన పడేస్తరు, పైసలు రావు. నావి పక్కన పడేసిన రోజులు ఇన్నేండ్లల్ల చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నజర్ లేదని నన్ను అనే హక్కు ఆయనకు లేదు.

రాత్రి మా బిడ్డకు చెప్పిన. తొమ్మిది చదువుతది. ఫోన్‌ల చూసి, "అమ్మా, సెట్‌ల బీ, డీ, జీ, పీ, టీ అన్నీ ఒక్క తీరే ఇనబడ్తయ్. అందుకే బ్రావో, డెల్టా, గోల్ఫ్ అని పేర్లు పెట్టిండ్రు" అన్నది. 26 పేర్లు తెలుగుల క్యాలెండర్ ఎనుక రాసిచ్చింది. నాలుగు రోజులు బస్టాపుల నిలబడి పోయే బండ్ల నంబర్లు అవే పేర్లతోటి సదివిన. టీజీ అంటే టాంగో గోల్ఫ్. పాత టీఎస్ బండ్లకు టాంగో సియెర్రా, ఇంకా పాతయి ఏపీ అయితే ఆల్ఫా పాపా.

ఐదో రోజు క్లాసు అయిపోయినంక సారు దగ్గరికి పోయిన. "సార్, ఆ రోజు మీరు డెల్టా అనలేదు, డీ అన్నరు. ఈ పేర్లు మాకు అప్పటికి చెప్పనే లేదు" అన్న. ఆయన ఏం అనలేదు, రిజిస్టరు మూసి పోయిండు. తెల్లారి మాత్రం మొదటి గంటల బోర్డు మీద ఆల్ఫా నుంచి జూలూ దాక రాసి అందరితోటి పలికిచ్చిండు. నాకు సారీ చెప్పలేదు. ఆఖరి పరీక్షల నలభై బండ్లు సెట్‌ల చెప్పిండ్రు, నా రిజిస్టరుల ఒక్కటీ తప్పు పోలే. నవ్విన ఇద్దరివి మూడేసి తప్పులు.

చట్టం క్లాసుల పాత పుస్తకం పట్టుకొని ఆత్మరక్షణ హక్కు ఐపీసీ సెక్షన్లు 96 నుంచి 106 అని చెప్పిండ్రు. ఆ హక్కు 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితల 34 నుంచి 44 వరకు ఉన్నది. బెయిలు హక్కుగ దొరకని, పోలీసులు వారెంటు లేకుండనే పట్టుకునే పెద్ద నేరం ఎవరన్న మన కండ్ల ముందర చేస్తే పట్టుకోవచ్చు గని, ఆలస్యం చెయ్యకుండ, ఆరు గంటలు దాటకుండ పోలీసులకు అప్పజెప్పాలె. ఈ ఆరు గంటల సంగతి దాంతోటే వచ్చిన ఇంకో కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితల ఉన్నది, పాత పుస్తకంల లేదు. మీ దగ్గర ఏ పుస్తకం ఉన్నదో అడగండి. డ్యూటీ ఎన్ని గంటలో, పీఎఫ్ నంబరు ఎప్పుడిస్తరో చేరకముందే కాగితం మీద రాయించుకోండి.

హాస్టల్‌ల సెట్ ఇస్తరో లేదో తెల్వదు. క్యాలెండర్ కాగితం మాత్రం చించి మడత పెట్టి యూనిఫాం జేబుల పెట్టుకున్న.