ఫ్రిజ్ తలుపు రబ్బరు సరిగ్గా పట్టకపోతే

ఫ్రిజ్ ఆగకుండా నడుస్తోందా? గ్యాస్ అయిపోయిందని అనుకునే ముందు తలుపు రబ్బరు చూడండి. సందులోంచి తేమగాలి లోపలికి దూరి మంచుగా పేరుకుంటుంది, కంప్రెసర్‌కి తెరిపి ఉండదు, కరెంటు ఊరికే కాలిపోతుంది.

ఒక కాగితం సగం లోపల, సగం బయట ఉండేలా పెట్టి తలుపు మూసి లాగండి. బిగువుగా రావాలి. సులువుగా జారిపోతే అక్కడ పట్టు లేనట్టే. చుట్టూ ఇలాగే చూడాలి, బందుల వైపు మూలలు మరీ ముఖ్యం.

చాలాసార్లు అసలు కారణం మురికే. ప్లగ్ తీసేసి, గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, పాత టూత్‌బ్రష్‌తో మడతల్లోపల రుద్ది, పొడిగుడ్డతో తడి లేకుండా తుడవండి. బ్లీచ్ మాత్రం వద్దు, రబ్బరు పెళుసెక్కుతుంది. నొక్కుకుపోయిన చోట హెయిర్ డ్రయ్యర్‌ని తక్కువ వేడి మీద పెట్టి, ఒకేచోట నిలపకుండా ఆడించండి. మెత్తబడగానే వేళ్లతో బయటికి లాగి, తలుపు మూసి చల్లారనివ్వండి.

చిరిగిన రబ్బరుకి అతుకులు నిలవవు. మోడల్ నంబరు చూసి కొత్తది తెచ్చుకోవడమే మేలు. అది మడతలు పడి వస్తుంది కాబట్టి వేడినీళ్లలో కాసేపు నానబెట్టి, తుడిచి, ముందు నాలుగు మూలలూ గాడిలో నొక్కి, ఆ తర్వాతే మధ్యభాగం ఎక్కించండి. మధ్య నుంచి మొదలుపెడితే మూలల దగ్గర రబ్బరు ఉబ్బి మళ్లీ సందు మిగులుతుంది.